కేశకాండ వ్యాధులు: నొప్పింపని నిర్ణయ పద్ధతులు

(స్మారకోపన్యాస పాఠము)

ఏ మహనీయుని పేర ఈ యుపన్యాసము ఏర్పాటైనదో ఆయన చర్మవ్యాధి శాస్త్రమును చిరకాలము బోధించి, తాము రచించిన వ్యాసములకంటె తాము తీర్చిదిద్దిన శిష్యుల వలననే యెక్కువగా స్మరింపబడుచున్న ఆచార్యులు. ఆయనను గూర్చి ప్రశంసావాక్యములు పలుకుట నాకు సులభమే. కాని ప్రశంస ఆయనకు రుచించెడిది కాదు. ఆయన మిక్కిలి ప్రేమించినదియు, వృత్తిలోని తక్కినవారు మిక్కిలి యుపేక్షించినదియు నైన ఒక చిన్న విషయమును సభవారి యెదుట నుంచుటయే తగిన నివాళి యని తలచి, వెంట్రుక కాండమునకు కలుగు వ్యాధులను రోగికి నొప్పి లేకుండ నిర్ణయించు పద్ధతులను ఈనాటి ప్రసంగమునకు గ్రహించితిని.

గుండెయు, మెదడును, మూత్రపిండములును చెడి మనుష్యులు మరణించుచుండగా, వెంట్రుక తెగినదా, మెలిపడినదా యని విచారించుట విలాసము కాదా యని అడుగువారు మన వృత్తిలోనే కలరు. వారికి నేను చెప్పదలచిన సమాధానమే ఈ యుపన్యాసము. కొన్ని వ్యాధులలో ఆ గుండెకును, ఆ మెదడునకును రానున్న ఆపద మొట్టమొదట కంటికి కనబడునది వెంట్రుకయందే. దానిని చూచుటకు కత్తి యక్కరలేదు, సూది యక్కరలేదు, మత్తుమందు అంతకంటెను అక్కరలేదు. బిడ్డ తల్లి యొడిలో కూర్చుండి యుండగనే చూడవచ్చును. ఇంత సులభముగ తెలియదగిన దానిని తెలిసికొనక విడుచుటకు మనకు సాకు లేదు.

వెంట్రుక నిర్మాణమును మొదట కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము. చర్మమునందలి రోమకూపములో పుట్టి, పైకి వచ్చునప్పటికే జీవకణములు నశించి, కెరటిన్ అను మాంసకృత్తుతో గట్టిపడిన దండమే మనము చూచు వెంట్రుక. మిల్లీమీటరులో ఇంచుమించు పదవ వంతైన ఆ మందములోనే వెలుపల, ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి పరచుకొన్న పొలుసుల పొరయు, దాని లోపల బలమునకు ఆధారమైన వల్కలమును, కొన్ని వెంట్రుకలలో నడిమి భాగమున మజ్జయు ఇమిడియున్నవి. వల్కలములోని కెరటిన్ పోగులను గంధకపు బంధములు బిగించి యుంచును. ఆ బంధములు సడలినచో వెంట్రుక పెళుసెక్కును. తలవెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగును గనుక, నడుమువరకు జడ గల స్త్రీ శిరస్సునందు కుదుటి దగ్గర ఈ నెల పెరిగిన భాగమును, కొనయందు ఐదారేండ్ల క్రిందట పెరిగిన భాగమును ఏకకాలమున నుండును. ఒకసారి బయటపడిన కాండమునకు తన్ను తాను బాగుచేసికొను శక్తి లేదు. కాబట్టి కూపములో నిర్మాణలోపము జరిగినను, బయట దెబ్బ తగిలినను, ఆ గుర్తు వెంట్రుక యున్నంతకాలము దానిపై నిలిచియుండును.

"జుట్టు ఊడిపోతోందండీ" అని చెప్పుచు రోగి వచ్చును. వైద్యుడు వెంటనే రక్తహీనతను, థైరాయిడును, విషజ్వరమును, మానసిక చింతను తలచుకొని పరీక్షల చీటీ వ్రాయును. ఇందు తప్పు లేదు. కాని దీనికి ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ జుట్టు కుదుటినుండి ఊడుచున్నదా, నడుమ తెగుచున్నదా? దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను నాలుగింటిని తెల్లకాగితముపై పరచి భూతద్దముతో చూచినచో, ఊడిన వెంట్రుకకు ఒక కొనయందు చిన్న తెల్లని గుబ్బ కనబడును. తెగిన వెంట్రుకకు రెండు కొనలయందును అది యుండదు, తెగినచోట పీచులు లేచియుండును. పసిపిల్లల తల్లులు ఈ మాటనే మరియొక విధముగ చెప్పుదురు: "మా పాపకు జుట్టు పెరగదండీ, ఒక్కసారి కూడా కత్తిరించే పని పడలేదు" అందురు. నిజమునకు జుట్టు పెరుగుచునే యుండును. పెరిగినది పెరిగినట్లే రాపిడికి తెగిపోవుచున్నందున పెరుగనట్లు తోచును. ఈ భేదమును గుర్తించుటకు ఖర్చు లేదు, యంత్రము లేదు. అయినను నా యనుభవములో దీనిని విడిచి ముందుకు పోయినవారే యెక్కువ.

తెగుటకు కారణమును కనుగొనుటకు పూర్వము వాడుకలో నున్న మార్గములు రెండు. రబ్బరు తొడుగు వేసిన పటకారుతో 50 నుండి 100 వెంట్రుకలను ఒక్కసారిగా పట్టి కుదుళ్లతో సహా పెరికి స్లైడుపై పరచుట మొదటిది; తలచర్మమును చిన్న గుండ్రని తునకగా కోసి తీసి పరీక్షించుట రెండవది. కూపమునకు సంబంధించిన వ్యాధులలో, ముఖ్యముగ మచ్చలు కట్టి జుట్టు శాశ్వతముగ పోవు వ్యాధులలో, బయాప్సీ నేటికిని అవసరమే. దానిని నేను కాదనను. కాని కాండవ్యాధులలో దోషము చర్మము దాటి పైకి వచ్చిన భాగమునందే కన్నులయెదుట నుండగా, చర్మమును కోసి వెదకుట యేమి న్యాయము? ఉన్న జుట్టే పలుచనై సిగ్గుతో తలవంచి కూర్చున్న ఆడపిల్ల తలనుండి మరికొంత జుట్టు పెరుకుట యేమి ధర్మము?

పెరుకుటలో నొప్పి యొక్కటే దోషము కాదు. లాగుటవలనను, నొక్కుటవలనను కాండము రూపు మారి కంటిని మోసగించును. దీనికి చరిత్రలో గట్టి దృష్టాంతము కలదు. 1973లో దక్షిణాఫ్రికాలోని వైద్యులు వెంట్రుకలపై క్రమము లేని ఉబ్బులను చూచి, అది వంశపారంపర్యమైన నూతన వ్యాధి యని భావించి, మిథ్యా మోనిలెత్రిక్స్ అను అర్థము వచ్చు పేరు పెట్టి ప్రకటించిరి (మోనిలెత్రిక్స్ అనగా వెంట్రుక పూసలదండ యాకృతి దాల్చు వ్యాధి; దానిని తరువాత వివరించెదను). పదమూడేండ్లు ఆ పేరు పుస్తకములలో నిలిచినది. 1986లో మరియొక పరిశోధకుడు, పెళుసు వెంట్రుకలు ఒకదానిపై నొకటి అడ్డముగ పడియుండగా రెండు గాజుపలకల నడుమ నొక్కినచో అణగిన చోట్లు ఏర్పడి, ఆ యంచులే ఉబ్బులుగ కనబడునని చూపెను. పరీక్షించు చేయియే వ్యాధిని సృష్టించినదన్నమాట. రోగిని తాకకుండ చూచు పద్ధతి రోగికి సుఖము మాత్రమే కాదు, సత్యమునకు కూడ దగ్గరి త్రోవ యని నేను నమ్ముటకు ఇది యొక కారణము.

నొప్పింపని పద్ధతులలో ప్రాచీనమైనది కత్తిరించిన వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూచుట. రాబర్ట్ హుక్ 1665లో ప్రకటించిన సూక్ష్మదర్శన గ్రంథములోనే వెంట్రుక చిత్రములు కలవు. కనుక ఇది నిన్నటి విద్య కాదు. చేయు విధానము సులభమే గాని శ్రద్ధ కోరును. తెగుచున్నచోటు ఏదో ముందుగ చూచి, అక్కడి వెంట్రుకలను చర్మమునకు మిక్కిలి దగ్గరగ సన్నని కత్తెరతో కత్తిరించి, ఒకదానికొకటి తగులకుండ స్లైడుపై సమాంతరముగ పేర్చి, పారదర్శకమైన జిగురుద్రవముతో కవర్ స్లిప్పు వేసి, మొదట తక్కువ వృద్ధితోను, పిమ్మట ఎక్కువ వృద్ధితోను పొడవునా చూడవలెను. ధ్రువిత కాంతితో కూడ చూచుట మేలు. దానికి ఖరీదైన సూక్ష్మదర్శినియే కావలెనని లేదు. మా ఆచార్యులవారు కాంతిని ధ్రువీకరించు పలుచని రేకులు రెండు సంపాదించి, ఒకటి స్లైడు క్రిందను, ఒకటి కంటికటకము మీదను అమర్చి, పై రేకును మెల్లగ త్రిప్పుచు, నేపథ్యము చీకటియై వెంట్రుకలు మాత్రము వెలుగు క్షణమున "ఇప్పుడు చూడండి" అని మమ్ము పిలిచెడివారు. సాధారణ విద్యార్థి సూక్ష్మదర్శినియే ఆ రేకులతో ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినిగా మారెడిది.

రెండవ పద్ధతి డెర్మోస్కోపు. అరచేతిలో ఇమిడి, తనయందే దీపము గలిగి, చర్మమును పది రెట్లు పెద్దదిగా చూపు ఈ సాధనమునకు పూర్వరూపములు చాల కలవు. జర్మనీలో యోహాన్ సాఫియర్ 1920లో డెర్మటోస్కోపీ అను పేరును వాడుకలోనికి తెచ్చెను. అటుపిమ్మట చిరకాలము దీనిని పుట్టుమచ్చలలో క్యాన్సరును వెదకుటకే ఎక్కువగ వాడిరి. తలవైపు త్రిప్పినవారు అరుదు. వెంట్రుకను, తలచర్మమును దీనితో చూచుటకు ట్రైకోస్కోపీ యని 2006లో పేరు పెట్టి, దానిని క్రమబద్ధమైన విద్యగా తీర్చినవారు పోలెండు దేశమునకు చెందిన లిడియా రుద్నిత్స్కా, మల్గొర్జాటా ఓల్షెవ్‌స్కా అను వైద్యురాండ్రు. నేడు వీడియో యంత్రములు 20 నుండి 70 రెట్లవరకును, అంతకు మించియు చూపుచున్నవి. ఇందలి మేలు ఏమనగా, వందలకొలది వెంట్రుకలను కత్తిరింపకయే వరుసగ చూడవచ్చును. చెడినవి ఏవో తెలిసిన పిమ్మట వానినే రెండు మూడింటిని కత్తిరించి సూక్ష్మదర్శినికి పంపవచ్చును. మన ప్రాంతమున ఒక్క జాగ్రత్త కావలెను: తలకు నూనె దట్టముగ రాసికొని వచ్చినచో వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకొని, దీపకాంతి మెరసి కాండపు రూపు సరిగ తెలియదు. పరీక్షకు వచ్చునాడు నూనె మానుమని ముందుగనే చెప్పవలెను.

ఈ సాధనముల ప్రయోజనము మోనిలెత్రిక్స్ అను వ్యాధిలో తెలిసినంత స్పష్టముగ మరి యెచ్చటను తెలియదు. డబ్లిన్ నగరమున వాల్టర్ స్మిత్ 1879లో మొదట వర్ణించిన ఈ వ్యాధిలో వెంట్రుక పూసలదండ యాకృతి దాల్చును. ఉబ్బులు రోగమని చూచువారు భ్రమపడుదురు; నిజమునకు ఉబ్బులే సహజమైన మందము గలవి, వాని నడిమి సన్నని భాగములే దోషయుతములు, వెంట్రుక తెగునది అక్కడనే. 1997లో దీనికి కారణము వెంట్రుక కెరటిన్ జన్యువులలోని మార్పులని తెలిసినది. డెర్మోస్కోపులో ఈ వెంట్రుకలు సమానమైన యెడములలో, ఒక్కొక్కసారి ఒక్కొక్క దిక్కునకు వంగిన రిబ్బనులవలె కనబడునని వార్సా వైద్యులు 2007లో ప్రకటించిరి. ఒకసారి చూచినవారు దానిని మరువజాలరు.

ఇట్టి బిడ్డ నొకతెను ఆచార్యులవారి ఓ.పీ.లో చూచిన జ్ఞాపకము నాకు స్పష్టముగ నున్నది. పుట్టువెంట్రుకలు మొక్కుకొన్న కొండపైనే తీయించినారు. తరువాత వచ్చిన జుట్టు అంగుళము దాటలేదు. గుండు చేయించినకొలది ఒత్తుగ వచ్చునని పెద్దలు చెప్పగా మరల మరల చేయించినారు. మెడవెనుక గరుకైన చిన్న పొక్కులు, వానినుండి బుడిపెలుగ పొట్టి వెంట్రుకలు. తక్కిన తల కొంత మేలు. ఆచార్యులవారు బిడ్డ మెడవెనుక భాగమును చూచి, మారుమాటాడక తల్లిని దగ్గరకు రమ్మని, ఆమె ముడి విప్పించి, ఆమె మెడవెనుక వెంట్రుకలను చూచిరి. అక్కడ రెండు మూడు వెంట్రుకలలో అవే పూసలు! "నీవు చేసిన తప్పేమీ లేదమ్మా, నూనె తప్పు కాదు, నీళ్ల తప్పు కాదు, ఇది పుట్టుకతో వచ్చినది" అని ఆయన చెప్పగా ఆ తల్లి కంట నీరు నిండెను; అత్తవారింట అన్నాళ్లు తాను పడిన నిందనుండి ఆమెకు విముక్తి దొరకినది. ఒక్కొక్క కుటుంబములో ఒకరికి తలంతయు, మరియొకరికి మెడవెనుక నాలుగు వెంట్రుకలకు మాత్రమే ఈ వ్యాధి కలుగుట సహజము. మందు లేని వ్యాధికి నిర్ణయమెందుకని అడుగువారికి ఆ తల్లి ముఖమే సమాధానము. మరియు ఇది వయస్సు పెరిగినకొలది కొందరిలో కొంత నెమ్మదించును; గట్టిగ దువ్వుట, బిగించి జడవేయుట, వేడి తగిలించుట మానినచో ఉన్న జుట్టు నిలుచును. గుండు వలన ఏమియు ప్రయోజనము లేదు, ఏలయన దోషము కూపములో నున్నది, క్షురకుని కత్తి తాకునది కాండమును మాత్రమే.

ఇక ప్రాణాపాయమును సూచించు వెంట్రుక సంగతి. 1962లో జాన్ మెంకెస్ అను వైద్యుడును ఆయన సహచరులును న్యూయార్కులో, ఒకే కుటుంబమునకు చెందిన ఐదుగురు మగశిశువులను వర్ణించిరి. పుట్టినప్పుడు ఆరోగ్యముగ తోచిన ఆ పిల్లలు కొలదినెలలకే పెరుగుట మాని, మూర్ఛలు వచ్చి, నేర్చిన చేష్టలు మరచి, పసితనమునందే మరణించిరి. వారి జుట్టు రంగు తగ్గి, పొట్టిగ, గరుకుగ, తీగ పీచువలె నుండెను. సూక్ష్మదర్శినిలో ప్రతి వెంట్రుకయు తన యక్షముచుట్టు తాను సగము చుట్టు చొప్పున మెలిదిరిగి యుండెను. మెలిపడిన ఆ వెంట్రుకకును, మెదడు క్షీణించుటకును సంబంధమేమో పదియేండ్లవరకు ఎవ్వరికిని తెలియలేదు.

తెలిసికొన్నవాడు ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరపు శిశువైద్యుడు డేవిడ్ డాంక్స్. రాగి ధాతువు చాలని నేలలలో మేసిన గొర్రెల ఉన్ని తన సహజమైన ముడతలను కోల్పోయి తీగవలె బిరుసెక్కుట ఆ దేశపు గొర్రెలకాపరులకును, పశువైద్యులకును చిరకాలముగ తెలిసిన సంగతి. ఆ శిశువుల జుట్టును చూచి డాంక్స్ ఆ గొర్రెల ఉన్నిని తలచుకొనెను. రక్తములో రాగిని కొలిపించెను. అది మిక్కిలి తక్కువగ నుండెను. 1972లో ఈ సంగతి లోకమునకు వెల్లడియైనది. ప్రేగులనుండి రాగి శరీరములోనికి చేరకపోవుటయే వ్యాధికి మూలము. కెరటినులోని గంధకపు బంధములు బిగియుటకు రాగి కావలెను, మెదడులోని అనేక క్రియలకును రాగి కావలెను. కనుక ఒకే కొరత జుట్టునందు మెలియై, మెదడునందు మృత్యువైనది. దీనికి కారణమైన జన్యువు 1993లో దొరకినది. వైద్య చరిత్రలో ఇంత అందమైన ఆలోచన నాకు వేరొకటి తోచదు. దానిని సాధించినది క్రొత్త యంత్రము కాదు. తన దేశపు పాడిపంటల సంగతి ఎరిగిన వైద్యుని దృష్టి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ శిశువులకు పుట్టినప్పటి జుట్టు సహజముగనే యుండవచ్చును. మెలి తరువాతి నెలలలో తెలియును. అప్పుడే పుట్టిన ఆరోగ్యవంతులైన శిశువులలోను రక్తమునందు రాగి తక్కువగనే యుండును గనుక, తొలివారములలో ఆ కొలతయు నమ్మదగినది కాదు. రాగి హిస్టిడిన్ సూదిమందు మేలు చేయునది మెదడు చెడకముందు, పుట్టిన తొలిదినములలో మొదలుపెట్టినప్పుడే. అదియు అందరికిని కాదు. కావున మొదటి బిడ్డ వెంట్రుకను చూచి వ్యాధిని గుర్తించినచో ఆ బిడ్డకు సాయపడలేకపోయినను, ఆ తల్లికి పుట్టబోవు రెండవ మగబిడ్డ విషయమున జన్యుపరీక్షతో ముందే జాగ్రత్త పడవచ్చును. మెలిపడిన వెంట్రుక కనబడిన ప్రతిబిడ్డకును ఇదే వ్యాధి యని భయపెట్టుటయు తగదు: కొందరిలో మెలి జుట్టువరకే పరిమితము, కొందరిలో దానికి తోడు చెవుడుండును, కనుక వినికిడి పరీక్ష చేయింపవలెను. మరియు పది రెట్ల డెర్మోస్కోపులో మెలి సులభముగ దొరకదు. ఎక్కువ వృద్ధి కావలెను, లేదా కత్తిరించి సూక్ష్మదర్శినిలో చూడవలెను.

శరీరమంతయు ఎఱ్ఱబడి పొట్టు రాలుచు పుట్టిన శిశువును చూచి ఎగ్జిమా యని తలచుట మనకు అలవాటు. వారిలో కొందరికి నెదర్టన్ వ్యాధి యుండును. 1958లో నెదర్టన్ అను వైద్యుడు ఒక బాలిక వెంట్రుకలలో వెదురు కణుపులను పోలిన ముడులను వర్ణించెను. కాండములో పై భాగము క్రింది గిన్నెలోనికి దిగబడినట్లుండుటయే ఆ కణుపు. తలవెంట్రుకలలో వెదకి వెదకి దొరకనప్పుడు కనుబొమ్మలలో చూచిన దొరకును. ఈ సంగతి ఎరిగినవారు తక్కువ. బిడ్డ నిద్రించుచుండగ కనుబొమ్మపై డెర్మోస్కోపు నుంచి చూచుట ఒక నిమిషము పని. ఆ యొక్క నిమిషపు విలువ యెట్టిదనగా, ఎగ్జిమాకు వాడు టాక్రోలిమస్ లేపనమును ఈ పిల్లలకు పూసినచో చెడిన చర్మముగుండ మందు రక్తములోనికి అధికముగ చేరునని 2001లోనే తెలిసినది. వెదురు కణుపును గుర్తించిన వైద్యుడు ఆ ప్రమాదమునుండి బిడ్డను తప్పించును.

డెర్మోస్కోపును ఇంతగ పొగడిన నేనే దాని కొరతను కూడ చెప్పవలెను. ట్రైకోథయోడిస్ట్రఫీ అను వ్యాధిలో వెంట్రుకలోని గంధకము సుమారు సగమునకు తగ్గును, జుట్టు పొట్టిగ పెళుసుగ నుండును, కొందరిలో డీ.ఎన్.ఏ. మరమ్మతు లోపించి ఎండకు చర్మము ఓర్వదు; బుద్ధి, శరీరము రెండును ఎదుగుట కుంటుపడును. దీనికి 1980లో పేరు పెట్టినవారు వెరా ప్రైస్. డెర్మోస్కోపులో ఈ వెంట్రుక యందు ప్రత్యేకమైన గుర్తేమియు కనబడదు. అదే వెంట్రుకను కత్తిరించి ధ్రువిత కాంతిలో చూచినచో పులితోకవలె వెలుగు చారలును, చీకటి చారలును ఒకదాని తరువాత ఒకటి స్పష్టముగ తోచును. తలపై సాధనము పెట్టి "ఏమీ లేదు" అని పంపివేసినవారు ఈ బిడ్డను కోల్పోవుదురు. అనుమానము మిగిలినంతవరకు పరీక్ష ముగియలేదని ఎంచవలెను.

తెలుగునాట ఈ ప్రసంగము చేయుచు మేనరికముల మాట ఎత్తకుండుట కుదరదు. మేనమామను, మేనత్తకొడుకును, మేనమామకొడుకును వివాహమాడుట మనలో నేటికిని కలదు. తల్లిదండ్రు లిరువురివద్దను దాగియున్న ఒకే లోపము బిడ్డలో కలిసి ప్రకటమగు వ్యాధులు అట్టి కుటుంబములలో ఎక్కువగ పుట్టును. నెదర్టన్ వ్యాధియు, పులితోక వ్యాధియు, ఇప్పుడు చెప్పబోవు వెండిజుట్టు వ్యాధులును ఆ జాతివే. నల్లజుట్టుగల తల్లిదండ్రులకు వెండివలె మెరయు బూడిదరంగు జుట్టుతో బిడ్డ పుట్టినప్పుడు ఇంటివారు ముచ్చటపడుదురు. ఆ బిడ్డకు పలుమార్లు జ్వరములు, అంటువ్యాధులు వచ్చుచున్నచో జుట్టు నాలుగు పోగులు కత్తిరించి సూక్ష్మదర్శినిలో చూడవలెను. నల్లని రంగుకణములు చిన్నచిన్నవై ఇంచుమించు క్రమముగ పరచుకొని యున్నచో చెడియాక్-హిగాషి వ్యాధిని, పెద్ద ముద్దలై అక్కడక్కడ క్రమము లేక పడియున్నచో గ్రిసెల్లి వ్యాధిని శంకింపవలెను. ఈ రెండింటిలోను రోగనిరోధకశక్తి తప్పుదారి పట్టి ప్రాణము తీయు దశ రావచ్చును. అంతకుముందే మూలకణ మార్పిడికి పంపుట బిడ్డకు రక్ష. జన్యుపరీక్ష ఫలితము వచ్చుటకు వారములు పట్టును. వెంట్రుక సమాధానము ఆ పూటనే వచ్చును.

గ్రీసు దేశమునందలి నాక్సోస్ ద్వీపమున 1986లో ప్రోటోనోటారియోస్ మొదలగు వైద్యులు వర్ణించిన వ్యాధి మరియొకటి. ఉన్నివలె ముడుచుకొన్న జుట్టు పుట్టుకతోనే యుండును. బిడ్డ ప్రాకుట, నడచుట మొదలిడగనే అరచేతులు, అరికాళ్లు మందమెక్కును. యౌవనమున గుండె లయ తప్పి హఠాన్మరణము సంభవింపవచ్చును. కణములను ఒకదానికొకటి అతుకు మాంసకృత్తు లోపించుటయే ఈ మూడింటికిని కారణమని 2000లో తేలినది. వంశములో లేని ఉంగరాలజుట్టును, మందమెక్కిన అరికాళ్లను ఒక్కచోట చూచిన చర్మవైద్యుడు ఆ బిడ్డను గుండె వైద్యునివద్దకు పంపుటకు ఒక్క చీటీ చాలును.

అపాయము లేని కాండభేదములు కొన్ని కలవు; వానిని పేర్కొని విడిచెదను. పిలి ఆన్యులాటిలో వెంట్రుకలోపల గాలి నిండిన ఖాళీలుండి, పైనుండి కాంతి పడినచో తెల్లగ కనబడు చారలే క్రిందినుండి కాంతి పంపినచో నల్లగ కనబడును. జుట్టు దృఢముగనే యుండును. దువ్వెనకు లొంగని జుట్టు అను వ్యాధిలో వెంట్రుక అడ్డుకోత త్రికోణమై, గాడి పడియుండును; అది పెక్కుమంది పిల్లలలో వయస్సుతో సర్దుకొనును. ఇట్టివారి తల్లిదండ్రులకు ధైర్యము చెప్పుటయే చికిత్స.

నేడు మన ఓ.పీ.లకు వచ్చు కాండవ్యాధులలో అత్యధికము పుట్టుకతో వచ్చినవి కావు, మనము తెచ్చుకొన్నవి. మాటిమాటికి రంగు వేయించుట, రసాయనములతో జుట్టు నిటారు చేయించుట, వేడిపటకారుతో సాగదీయుట వలన పొలుసుపొర లేచిపోయి, వల్కలపు పోగులు విడివడి, రెండు కుంచెలను ఎదురెదురుగ గ్రుచ్చినట్లు కణుపులు కట్టి, ఆ కణుపులవద్ద జుట్టు తెగును. డెర్మోస్కోపులో ఇవి మొదట తెల్లని చుక్కలుగ తోచును; వృద్ధి పెంచినచో పీచులు తెలియును. తడిజుట్టునకు వేడి తగిలించుట మరింత హానికరము: లోపలి నీరు ఆవిరియై వెంట్రుకలో బుడగలు పుట్టించును, 125 డిగ్రీల సెల్సియస్ వేడిగల పటకారు ఒక్క నిమిషము తగిలిన చాలునని పరీక్షలలో తేలినది. దీనికి ఎదురుగ, మన యిండ్లలోని కొబ్బరినూనె వెంట్రుకనుండి మాంసకృత్తు నష్టమగుటను తగ్గించునని 2003లో ప్రకటితమైన పరిశోధన చూపినది. పెండ్లికి ముందు వారముననే జుట్టు మీద అన్ని ప్రయోగములును చేయించుకొని ఏడ్చుచు వచ్చు ఆడపిల్లలను నేను కోపించుకొనను; వారికి ఆ తెగిన వెంట్రుకనే తెరపై పెద్దది చేసి చూపుదును. నూరు హితవులకంటె ఆ యొక్క చిత్రము వారిని ఎక్కువగ ఒప్పించును.

పేల విషయమున కూడ ఈ సాధనము ఒక అన్యాయమును తప్పించును. వెంట్రుకకు తొడుగువలె అంటుకొనియుండు తెల్లని పొలుసులను ఈపులని భ్రమించి బడినుండి పిల్లను ఇంటికి పంపివేయుట జరుగుచున్నది. తొడుగు వ్రేళ్లతో లాగినచో కాండముపై జారును, ఈపి జారదు. డెర్మోస్కోపులో ఈపి గ్రుడ్డు ఆకారమున ఒక ప్రక్క అంటుకొనియుండును. తొడుగు వెంట్రుక చుట్టును గొట్టముగ నుండును. పిల్ల పరువు నిలుపుటకు ఇంతకంటె సులువైన పరీక్ష లేదు.

కావున నేను అడుగునది పెద్ద కోరిక కాదు. ప్రతి జిల్లా ఆసుపత్రి చర్మవిభాగమున ఒక డెర్మోస్కోపు, ఒక సాధారణ సూక్ష్మదర్శిని, దానికి రెండు ధ్రువీకరణ రేకులు ఉండవలెను. దూరప్రాంతములలో చరవాణికి తగిలించు కటకముతో తీసిన చిత్రమును బోధనాసుపత్రికి పంపు ఏర్పాటు నేడు అసాధ్యము కాదు. పోస్టుగ్రాడ్యుయేటు విద్యార్థులారా, శిశువిభాగమునుండి మూర్ఛలకును, ఎడతెగని జ్వరములకును, తగ్గని ఎగ్జిమాకును మీవద్దకు పంపబడిన ప్రతిబిడ్డ జుట్టును, కనుబొమ్మలను, మెడవెనుక భాగమును చూడుడు. చూచినదానిని కేసు కాగితములో వ్రాయుడు. తల్లి జుట్టును కూడ చూడుడు. ఇక తల్లిదండ్రులకు నా విన్నపము: బిడ్డ జుట్టు పెరుగుట లేదని తోచినప్పుడు మరల గుండు చేయింపకుడు, పరీక్షనాటికి నూనె మాని, దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను ఒక తెల్లకాగితములో మడిచి వెంట తీసికొని, బిడ్డను చర్మవైద్యునివద్దకు కొనిరండు.